మాటా కావాలి... మౌనమూ కావాలి!

మనసు బాగాలేనప్పుడు ఎవరితోనైనా చెప్పుకోవాలా, కళ్లు మూసుకుని కూర్చోవాలా? ఈ రెండింటినీ కలిపి వైద్యంగా మలిచిన పద్ధతి గురించి ఆడవాళ్లం తెలుసుకోవాల్సిన సంగతులు కొన్ని.

"నీకేం తక్కువ మే? ఊరికే ఆలోచిస్తా కూర్చోబాక. ఒకసారి కొండకు నడిచి పోయిరా, అంతా సరిపోతాది!"

తిరుపతి, చిత్తూరు వైపు మనసు బాగాలేదన్న ఆడమనిషికి మొట్టమొదట దొరికే సలహా ఇది. చెప్పేది అమ్మ కావచ్చు, అత్త కావచ్చు, పక్కింటి అక్క కావచ్చు. ప్రేమతోనే చెబుతారు. ఆ సలహాలో సత్తా లేకపోలేదు కూడా. అలిపిరి పాదాల మండపం దగ్గర మొక్కుకుని, ప్రతి మెట్టుకూ పసుపూ కుంకుమా పెట్టుకుంటూ ఎక్కే ఆడవాళ్లను గమనించండి. వంగుతారు, బొట్టు పెడతారు, లేస్తారు, అడుగు వేస్తారు. మొత్తం 3,550 మెట్లంటారు. అన్నిసార్లు వంగి లేచే మనిషికి చేతి కిందున్న మెట్టు తప్ప వేరే ధ్యాస ఉండదు. చీటీ డబ్బులు, పిల్లాడి పరీక్షలు, ఆడబిడ్డ అన్న మాట... అన్నీ కాసేపు కిందే ఆగిపోతాయి.

మరి దిగి వచ్చాక? కొందరికి ఆ తేలిక నిలుస్తుంది. కొందరికి వారం తిరక్కుండానే తెల్లవారుజామున మూడింటికి మెలకువ, గుండె దడ, పొయ్యి దగ్గర నిలబడితే కారణం లేకుండా కన్నీళ్లు. అప్పుడు "నా భక్తిలోనే ఏదో లోపముంది" అనుకుని ఆమె ఇంకాస్త కుంగిపోతుంది.

రెండో సలహా కూడా ఒకటుంది. "ఎవరితోనైనా చెప్పుకో, గుండె భారం దిగుతుంది" అంటారు. చెప్పుకుంటుంది. అదే సంగతి, అదే బాధ, పదిమంది దగ్గర పదిసార్లు. చెప్పినకొద్దీ పుండును కెలికినట్టే ఉంటుంది. పైగా పొద్దున చెప్పిన మాట సాయంత్రానికి వీధంతా తిరిగి, రంగూ రూపూ మారి మళ్లీ ఆమె చెవిన పడుతుంది!

మౌనంగా కూర్చోమనేవాళ్లు ఒకవైపు, నోరు విప్పి చెప్పుకోమనేవాళ్లు మరోవైపు. ఇద్దరి దగ్గరా సగం సగం నిజముంది. ఆ రెండు సగాలను ఒక పద్ధతి ప్రకారం కలిపితే మనసు జబ్బులకు మంచి చికిత్స అవుతుందని మానసిక వైద్యరంగం పాతికేళ్లుగా చెబుతోంది. అదేమిటో, ఎవరికి పనికొస్తుందో, ఎవరికి పనికిరాదో చూద్దాం.

చెప్పుకోవడం వేరు, చికిత్స వేరు

మన నారాయణవనం కథ అందరికీ తెలిసిందే. శ్రీనివాసుణ్ని చూసి వచ్చిన పద్మావతి అన్నం మానేసి మంచం పట్టింది. ఇంట్లోవాళ్లు జబ్బేమో అనుకుని పూజలు చేయించారు. చివరకు సోది చెప్పే ఎరుకల స్త్రీ వేషంలో స్వామే వచ్చి, పిల్ల మనసులో ఉన్నది తల్లికి విప్పి చెప్పాడు. భక్తి సంగతి అలా ఉంచి కథను కథగా చూడండి. తల్లి పక్కనే ఉన్నా పిల్ల చెప్పుకోలేకపోయింది. మాట బయటికి రావడానికి బయటి మనిషి ఒకరు కావాల్సి వచ్చింది!

కౌన్సెలింగ్‌లో మొదటి సూత్రం ఇదే. వినే మనిషి మన చుట్టం కాకూడదు, మన వీధిమనిషి కాకూడదు, విన్నది బయటపెట్టకూడదు. తీర్పు చెప్పకూడదు. 'సర్దుకుపో' అని తేల్చేయనూ కూడదు.

అయితే ఓపిగ్గా వినడంతోనే చికిత్స అయిపోదు. 1960లలో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు డిప్రెషన్‌తో వచ్చేవాళ్ల మాటల్లో ఒక విషయం కనిపెట్టారు. వాళ్ల మనసులో కొన్ని ఆలోచనలు తమంతట తాముగా, మెరుపులా వచ్చిపోతుంటాయి. 'నేను దేనికీ పనికిరాను', 'ఇక బాగుపడేది లేదు', 'అందరికీ నేనంటే లోకువే'... వాటిని ఎవరూ పరీక్షించి చూడరు. నిజమనే నమ్మేస్తారు. బాధ అక్కడి నుంచే పెరుగుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. భర్త ఆఫీసు నుంచి వచ్చాడు. పలకరించకుండా టీవీ ముందు కూర్చున్నాడు. జరిగింది అంతే. కానీ వంటింట్లో ఉన్నామెకు 'నేనంటే విసుగు పుట్టింది. నేనెవరికీ అక్కర్లేదు' అనిపించింది. ఆ రాత్రి ఆమెకు ముద్ద దిగలేదు. ఇలాంటిచోట చికిత్స చేసే మనిషి మెల్లగా అడుగుతారు: 'ఆ మాటకు రుజువేంటమ్మా? ఆయన మౌనానికి వేరే కారణం ఉండొచ్చా? ఇదే సంగతి మీ చెల్లెలికి జరిగి ఉంటే ఆమెకు మీరేం చెబుతారు?' ఇలా జరిగిందానికీ మనం అనుకున్నదానికీ మధ్య గీత గీయడం నేర్పిస్తారు. ఇంట్లో రాసుకురమ్మని పని కూడా ఇస్తారు. దీనికి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అని పేరు. నలుగురిలో చెప్పుకుని ఏడవడానికీ దీనికీ తేడా అదే. అక్కడ బాధ తిరిగిన చోటే తిరుగుతుంది. ఇక్కడ ఒక దారి పట్టుకుని ముందుకు నడుస్తుంది.

'ఎరుక' మనకు కొత్తది కాదు

ఇక మౌనం సంగతి. ఇంగ్లీషులో 'మైండ్‌ఫుల్‌నెస్' అనే మాట ఈ మధ్య ఎక్కడ చూసినా వినిపిస్తోంది. బౌద్ధుల పాళీ భాషలో దాన్ని 'సతి' అన్నారు, సంస్కృతంలో 'స్మృతి'. మన తెలుగులో చక్కటి మాట ఉండనే ఉంది... ఎరుక. ఇప్పుడు, ఈ క్షణంలో, నా ఒంట్లో ఏం జరుగుతోంది, నా మనసులో ఏం మెదులుతోంది అని ఎరిగి ఉండడం. మంచీ చెడూ అని వెంటనే ముద్ర వేయకుండా చూడడం.

ఇది ఎక్కడినుంచో దిగుమతైన సరుకనుకోనక్కర్లేదు. బాల్యంలోనే భర్తను పోగొట్టుకుని, లోకం ఎన్ని మాటలన్నా లెక్కచేయకుండా యోగసాధన చేసి, రాజయోగామృతసారం వంటి కావ్యాలు రాసిన తరిగొండ వెంగమాంబ 18వ శతాబ్దంలో మన సీమ ఆడపడుచే. తిరుమల అన్నదాన భవనం మీద ఈనాటికీ ఆమె పేరే ఉంది. 'నీ మనసును ఉన్నది ఉన్నట్టు చూడు' అని ప్రపంచమంతా తిరిగి చెప్పిన జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టింది మదనపల్లెలోనే. బర్మాలో నేర్చుకున్న విపశ్యన ధ్యానాన్ని సత్యనారాయణ గోయెంకా 1969లో ఇండియాకు తెచ్చాక, హైదరాబాదులోనూ ఒక కేంద్రం వెలిసింది.

ఈ సాధనలో నుంచి దేవుడినీ మతాన్నీ పక్కనపెట్టి, దాన్ని ఆస్పత్రి గడప ఎక్కించినవారు అమెరికాకు చెందిన జాన్ కబట్-జిన్. మందులకు లొంగని నొప్పులతో, ఒత్తిడితో బాధపడేవాళ్ల కోసం 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో తరగతులు మొదలుపెట్టారు. ఏ మతంవారైనా చేసుకోవచ్చు. మన ముస్లిం, క్రైస్తవ సోదరీమణులు 'ఇది మాకు కాదేమో' అని సందేహపడక్కర్లేదు.

రెండూ కలిసిందిలా

డిప్రెషన్‌తో ఒక చిక్కుంది. అది తగ్గినట్టే తగ్గి తిరగబెడుతుంది. ఒకసారి వచ్చి తగ్గినవాళ్లకు చిన్న దిగులు కమ్మినా చాలు, పాత ఆలోచనలన్నీ బారులు తీరి వచ్చేస్తాయి. అప్పుడు ఒక్కో ఆలోచనతో వాదిస్తూ కూర్చుంటే మనసుకు ఆ వాదనే ఇంకో సుడిగుండమవుతుంది.

దీన్ని ఆపేదెలా అని ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆలోచించారు. కెనడాకు చెందిన జిండెల్ సీగల్, బ్రిటన్‌కు చెందిన మార్క్ విలియమ్స్, జాన్ టీస్‌డేల్. బెక్ గారి మాటల చికిత్సనూ, కబట్-జిన్ గారి ఎరుక సాధననూ కలిపి ఒక పద్ధతి తయారుచేశారు. 145 మంది మీద చేసిన వాళ్ల మొదటి పరిశోధన 2000లో అచ్చయింది. మూడుసార్లు, అంతకు మించి డిప్రెషన్ వచ్చిపోయినవాళ్లలో మామూలు వైద్యం మాత్రమే పొందినవారికి నూటికి 66 మందికి ఏడాది కాలంలో తిరగబెట్టింది. ఈ తరగతులకు కూడా వెళ్లినవారిలో 37 మందికే తిరగబెట్టింది. అయితే రెండేసార్లు వచ్చినవాళ్లలో అలాంటి తేడా కనిపించలేదు. ఈ సంగతీ వాళ్లే దాచకుండా రాశారు. పదేపదే తిరగబెట్టేవాళ్లకు ఈ పద్ధతి ఇవ్వొచ్చని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2004లోనే చెప్పాయి.

2015లో 'లాన్సెట్' పత్రికలో 424 మంది మీద చేసిన మరో పరిశోధన వచ్చింది. మందులు కొనసాగించినవాళ్లలో రెండేళ్లలో 47 శాతం మందికి తిరగబెడితే, ఈ తరగతులకు వెళ్తూ డాక్టరు సాయంతో మెల్లగా మందులు తగ్గించుకున్నవాళ్లలో 44 శాతం మందికి తిరగబెట్టింది. అంటే రెండూ ఇంచుమించు సమానం. ఇందులో 'డాక్టరు సాయంతో, మెల్లగా' అన్న మాటల కింద గీత గీసుకోండి!

ఇంకొకరి గురించి కూడా చెప్పుకోవాలి. చావాలన్న ఆలోచనలు, తనను తాను గాయపరచుకోవడం... వీటితో సతమతమయ్యేవాళ్ల కోసం అమెరికాలో మార్షా లైన్‌హాన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మాటల చికిత్సకు జెన్ ధ్యానాన్ని జోడించి మరో పద్ధతి రూపొందించారు. చాలా ఏళ్లకు, 2011లో, తాను 17 ఏళ్ల పిల్లగా ఉన్నప్పుడు మానసిక ఆస్పత్రిలో రోగిగా ఉన్నానని ఆమె పదిమంది ముందు చెప్పారు. 'ఇక ఈ పిల్ల ఇంతే' అనుకునే తల్లిదండ్రులు ఈ సంగతి తెలుసుకోవాలి.

మన పొరుగునే ఉన్న బెంగళూరు నిమ్హాన్స్‌లోనూ ఈ కలిపిన పద్ధతుల మీద పరిశోధనలు జరిగాయి.

ఎనిమిది వారాలు ఏం చేయిస్తారు?

పదిమందో పన్నెండుమందో ఒక గుంపు. వారానికోసారి రెండు గంటలు. ఇంట్లో రోజూ కాస్త సాధన. మొదటిరోజు చేయించే పని వింటే నవ్వొస్తుంది... ఒక ఎండుద్రాక్ష తినడం! లడ్డూ ప్రసాదంలో వచ్చే ద్రాక్షపండును మనం ఎప్పుడైనా గమనించి తిన్నామా? మాట్లాడుతూ మింగేస్తాం. ఇక్కడ దాన్ని అరచేతిలో పెట్టుకుని చూడాలి, ముడతలు తడమాలి, వాసన చూడాలి, నాలుక మీద పెట్టుకుని ఆగాలి, ఆ తర్వాతే కొరకాలి. చెయ్యి ఒకచోట, మనసు ఒకచోట ఉండే మన అలవాటు అప్పుడు తెలిసొస్తుంది.

తర్వాతి వారాల్లో పడుకుని కాలి వేళ్ల నుంచి తల దాకా ఒళ్లంతా మనసుతో తడిమి చూడడం, శ్వాసను గమనించడం, నడకను గమనించడం నేర్పుతారు. ఆ తర్వాత మాటలు మొదలవుతాయి. ఎప్పుడు మనసు ఎటు పోయింది? ఏ ఆలోచన లాక్కుపోయింది? ఒంట్లో ఎక్కడ బిగుసుకుంది? అవి గుంపులో చర్చిస్తారు. 'నేను పనికిరాను' అన్న ఆలోచన వచ్చినప్పుడు 'ఇదిగో, ఆ ఆలోచన మళ్లీ వచ్చింది' అని గుర్తుపట్టడం నేర్పుతారు. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న తేడాలోనే వైద్యమంతా ఉంది. మొదటిదాంట్లో మనం మునిగిపోతాం. రెండోదాంట్లో గట్టున నిలబడి చూస్తాం.

చివరి వారాల్లో ఎవరికి వారు రెండు జాబితాలు రాసుకుంటారు. రోజులో నాకు సత్తువ ఇచ్చే పనులేవి, నా సత్తువ లాగేసే పనులేవి? మళ్లీ దిగులు కమ్మేముందు నాలో కనిపించే గుర్తులేవి? ఒకామెకు తల దువ్వుకోబుద్ధి కాదు, ఒకామె ఫోన్ ఎత్తదు, ఇంకొకామెకు ఉప్పు ఎక్కువైనా తెలియదు. ఆ గుర్తులు తెలిస్తే ముందే జాగ్రత్త పడొచ్చు.

నోరు మూయించే మందు కాకూడదు

ఇంత చెప్పాక అసలు విషయానికి వస్తున్నాను. మన ఇళ్లలో ధ్యానాన్ని ఆడదాని నోరు మూయించడానికి వాడుకోవడం చాలా తేలిక. కోడలు ఏడుస్తోందా? ధ్యానం చేయమను. కూతురు అత్తింటికి వెళ్లనంటోందా? ప్రవచనానికి తీసుకెళ్లు. తాగొచ్చి కొట్టే మొగుడున్న ఇల్లాలికి 'మనసు ప్రశాంతంగా ఉంచుకో' అని చెప్పడం వైద్యం ఎలా అవుతుంది? ఆమెకు ముందు కావలసింది దెబ్బలు ఆగడం. 181 మహిళా హెల్ప్‌లైన్ అందుకోసమే ఉంది.

ఎరుక అంటే ఓర్చుకోవడమని అర్థం కాదు. నిజంగా ఎరిగి చూసిన ఆడమనిషికి 'నా ఆలోచనలో లోపం ఇంత, నా ఇంట్లో లోపం ఇంత' అని విడదీసి కనిపిస్తుంది. భర్త పలకరించలేదన్న దిగులు ఆలోచనలో చిక్కు కావచ్చు. కట్నం కోసం సాధిస్తున్నారన్నది చిక్కు కాదు, అన్యాయం. మొదటిదానికి చూపు మారాలి, రెండోదానికి పరిస్థితి మారాలి. ఈ రెండింటినీ విడదీసి చూపించడానికే పక్కన మాట్లాడే మనిషి కావాలి. మౌనానికి మాట తోడుండాలనడం అందుకే.

వీళ్లు జాగ్రత్త!

ధ్యానం అందరికీ, అన్నివేళలా మంచిదన్న మాట నమ్మకండి. చెవిలో మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు వంటివి ఉన్నవాళ్లూ, అత్యాచారం, ప్రమాదం వంటి గాయం మనసులో పచ్చిగా ఉన్నవాళ్లూ కళ్లు మూసుకుని గంటల తరబడి కూర్చుంటే బాధ పెరిగే ప్రమాదముంది. పదిరోజుల మౌన శిబిరాలు నడిపే విపశ్యనవారే తీవ్రమైన మానసిక జబ్బులున్నవారికి అవి తగవని చెబుతారు. దరఖాస్తులోనూ అడుగుతారు. అక్కడ దాచకండి.

నిద్ర, ఆకలి పూర్తిగా పోయి, పనులేవీ చేసుకోలేని స్థితిలో ఉంటే ముందు డాక్టరును చూడాలి. మందులు పనిచేసి మనిషి కాస్త తేరుకున్నాకే ఈ సాధనలు. కాన్పయిన నెలల్లో తల్లికి బిడ్డను చూసినా సంతోషం కలగకపోతే, 'బాలింత కదా, గాలి సోకింది' అని ఊరుకోకండి. ఇక, బాగానే ఉంది కదా అని మందులు సొంతంగా ఆపడం అన్నింటికంటే పెద్ద పొరపాటు.

ఎక్కడికి వెళ్లాలి?

నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ సర్వేలో పెద్దవాళ్లలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి చికిత్స అందడం లేదనీ తేలింది. మన రాష్ట్రం ఆ సర్వేలో లేదు గానీ పక్కనున్న తమిళనాడు ఉంది. మన కథ వేరుగా ఉంటుందనుకోలేం. తలనొప్పి, ఒళ్లు నొప్పులు, గ్యాసు అంటూ స్కానింగులకు డబ్బు పోస్తాం. మనసు డాక్టరు గడప మాత్రం తొక్కం. 'ఎవరైనా చూస్తే?' అన్న భయం!

తిరుపతిలో రుయా ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. వైద్య కళాశాలలకు అనుబంధంగా ఉన్న పెద్దాస్పత్రుల్లోనూ ఈ ఓ.పి. ఉంటుంది. చిత్తూరు వాళ్లకు దగ్గరలో ఉన్న వేలూరు సి.ఎం.సి. వారి బాగాయం మానసిక వైద్య కేంద్రంలో రోగితో పాటు ఇంటి మనిషి కూడా ఉండి చికిత్సలో పాలుపంచుకునే పద్ధతి 1950ల చివర్లోనే మొదలైంది. గడప దాటలేనివాళ్లకు ఫోనుంది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ, ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు.

2018లో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మన చికిత్స వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కును మనకిచ్చింది. ప్రైవేటుగా కౌన్సెలింగ్‌కు వెళితే రెండు ప్రశ్నలు తప్పక అడగండి: 'మీరేం చదివారు? ఎక్కడ శిక్షణ పొందారు?' క్లినికల్ సైకాలజిస్టులకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉంటుంది. మైండ్‌ఫుల్‌నెస్ బోర్డు పెట్టిన ప్రతివారూ వైద్యులు కారు. అడగడంలో మొహమాటమేం లేదు. కూరగాయల దగ్గర వంకాయ పుచ్చుందేమోనని తిప్పి తిప్పి చూసే మనం, మనసు అప్పగించేచోట చూడొద్దా?

ఇంట్లో మూడు నిమిషాలు

తీవ్రమైన జబ్బు లేనివాళ్లు, రోజువారీ ఒత్తిడితో ఉన్నవాళ్లు దీన్ని ఇంట్లోనే చేసుకోవచ్చు. ఆ ఎనిమిది వారాల తరగతుల్లో నేర్పే చిన్న సాధనే ఇది.

* మొదటి నిమిషం: స్టవ్ కట్టేసి కూర్చోండి. ఇప్పుడు నా మనసులో ఏముంది, ఒంట్లో ఎక్కడ బిగుసుకుంది అని గమనించండి. మార్చాలని చూడకండి.

* రెండో నిమిషం: శ్వాస మీద ధ్యాస పెట్టండి. పొట్ట పైకి లేవడం, కిందికి దిగడం. మనసు పప్పు నానబెట్టలేదన్న విషయం మీదికి పోతే తిట్టుకోకుండా మళ్లీ తీసుకురండి. వందసార్లు పోతే వందసార్లూ.

* మూడో నిమిషం: శ్వాసతో పాటు ఒళ్లంతా, కూర్చున్న చోటంతా ఎరుకలోకి తెచ్చుకోండి. తర్వాత లేచి పని చూసుకోండి.

* రాత్రి: చాకలి పద్దు పుస్తకమైనా సరే, ఒక పేజీ మధ్యలో గీత గీయండి. ఎడమవైపు 'జరిగింది', కుడివైపు 'నేననుకున్నది' రాయండి. వారం తర్వాత తిరగేస్తే మీ ఆలోచనలు ఏ దారిన పోతున్నాయో మీకే తెలుస్తుంది. కౌన్సెలింగ్‌కు వెళ్తే ఆ పేజీలు పట్టుకెళ్లండి.

చేస్తుంటే దిగులు పెరుగుతోందనిపిస్తే ఆపేయండి. డాక్టరుకు చెప్పండి.

ఇక మిగిలింది మన ఇంటివాళ్లు, ఇరుగుపొరుగు చేయాల్సిన పని. ఎవరైనా మన దగ్గరికొచ్చి "మనసేం బాగలేదక్కా" అంటే, వెంటనే సలహా ఇవ్వకండి. "ఎన్నాళ్లుగా మే? నిద్ర పడతావుందా? చచ్చిపోదామని ఏమన్నా అనిపిస్తావుందా?" అని నేరుగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని భయపడొద్దు. అడగడం వల్ల అలాంటి ఆలోచన పుట్టదు. ఎవరో ఒకరు అడిగారని ఊరట కలుగుతుంది. అవునంటే ఆమెను ఒంటరిగా వదలకండి. ఆ పూట వంట మీరు చూసుకుంటామనండి, పిల్లల్ని మీ ఇంట్లో కూర్చోబెట్టుకోండి, ఆస్పత్రికి తోడు వెళ్లండి. ఓ.పి. చీటీ రాయించుకునే వరసలో ఆమె పక్కన నిలబడితే చాలు. అక్కడిదాకా రావడమే ఆమెకు అన్నిటికంటే కష్టం.